పురుగులు లేని నీళ్లు

మా చాల్‌లో, అంటే ఈ వరస గదుల లోగిలిలో, అద్దె గొడవ వస్తే ఎవరూ చంద్రవ్వను పిలవరు. పిల్లకు సంబంధం చూడాలన్నా, ఖోలీ, అంటే గది, మారాలన్నా ఆమెను సలహా అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నీళ్ల సంగతి వస్తే మాత్రం ఆమె తలూపందే ఒక్కరూ గుటక వేయరు. ముంబై పక్కనున్న భివండీలో, అందులోనూ పద్మనగర్‌లో, ఇది చిన్న పెత్తనమేమీ కాదు. కార్పొరేషన్ నల్లా వచ్చిన రోజు వస్తుంది, రాని రోజు రాదు. వచ్చిన రోజు కూడా మొదట గాలి వస్తుంది, తర్వాత తుప్పు వస్తుంది, ఆ తర్వాతే నీళ్లు. ఆ నీళ్లు ఎప్పుడు మొదలయ్యాయో బిందె మీద ముక్కు పెట్టి చెప్పగలిగిన మనిషి చంద్రవ్వ.

ఆమెను గురించి రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. చాల్ మొగదల నా జాకెట్ల దుకాణం ఉంది. మిషన్ ముందు కూర్చుంటే నల్లా, నల్లా దగ్గరి కొట్లాటలు, వెనక బోరుకు వెళ్లే సందు అన్నీ కనపడతాయి. మగ్గాల చప్పుడులో మాటలు వినపడకపోయినా, చేతులు ఊపడాన్ని బట్టి ఎవరు ఎవరిని తిడుతున్నారో చెప్పగలను. చంద్రవ్వ మీద నాకు ప్రేమ ఉంది, కోపమూ ఉంది. ఈ కథలో మిగతా చాలామంది మీద కోపం ఒక్కటే ఉంది. అది దాచుకుని రాయడం నాకు చేతకాదు.

ఆమెది జగిత్యాల వైపు పల్లె. జానెడు భూమి లేని కుటుంబం. పెళ్లయిన కొత్తలోనే భర్త కనుకయ్య వెంట భివండీ వచ్చేసింది. కనుకయ్య శాంతి నగర్‌లో మగ్గాలు నడిపేవాడు. ఆమె అదే కార్ఖానాలో కండెలు చుట్టేది. కండె అంటే, మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడె లోపల పెట్టే దారపు పుల్ల. మగ్గం దాన్ని మింగుతూనే ఉంటుంది, చుట్టేవాళ్లు చుడుతూనే ఉండాలి. కాపురం కూడా అక్కడే, మగ్గాల పైన వేసిన చెక్క అటక మీద. మొదటి కొడుకు ఆ అటక మీదే పుట్టాడు, అక్కడే నడక నేర్చాడు. మాటలు సరిగ్గా రాకముందే వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. ఒక పొద్దున మొదలైతే మర్నాటి పొద్దుటికి పిల్లవాడు లేడు.

అప్పుడు చూసిన డాక్టరు మన తెలుగాయనే. "నీళ్లల్ల పురుగులుంటయమ్మా. కంటికి కనబడవు," అన్నాడట. ఓదార్చడానికి అన్నాడో, తప్పించుకోవడానికి అన్నాడో నాకు తెలియదు. ఆ ఒక్క ముక్క మాత్రం చంద్రవ్వలో మేకులా దిగబడిపోయింది. కొడుకును తిన్నదేమిటో తెలిసింది, కానీ అది కంటికి కనపడదు. శత్రువు మొహం తెలియకుండా పగ పెంచుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను రోజూ చూశాను.

ఆ తర్వాత ఆమె బతుకంతా నీళ్ల చుట్టే తిరిగింది. నల్లా మూతికి మడతలు పెట్టిన మల్లుగుడ్డ కట్టేది. పట్టిన నీళ్లు తెర్లేదాకా కాచేది, చల్లార్చి మళ్లీ వడగట్టేది. ఎవరైనా చెంబును చేత్తో సహా బిందెలో ముంచితే ఆ బిందెడూ పారబోసి వాళ్ల ఏడు తరాలనూ తలుచుకునేది. పెళ్లికి పిలిస్తే కొంగు చాటున సొంత సీసా పట్టుకొచ్చేది. పెళ్లివాళ్లు మొహం మాడ్చుకున్నా లెక్కచేసేది కాదు. సాయంత్రాలు అందరితో పాటు వరాలా తలావ్ గట్టు మీదికి వచ్చేది గానీ, చెరువు వైపు వీపు పెట్టి కూర్చునేది. ఆడవాళ్లు చాటుగా "నీళ్ల పోలీసు" అని నవ్వుకునేవాళ్లు.

ఒక వానాకాలం దాకా నవ్వారు. ఆ యేడు నల్లా తిప్పగానే ఆమె ముక్కు చిట్లించి, "మోరి వాసనొస్తుంది. ఇయ్యాల్టి నుంచి ఎవలు తాగద్దు," అని రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది. బిందెలతో వచ్చినవాళ్లు తిట్టారు, నెట్టారు, చివరికి విసుగెత్తి టాంకరు నీళ్లకు వెళ్లిపోయారు. పది రోజులు తిరక్కుండానే కామెర్లు పద్మనగర్‌ను ఊడ్చేశాయి. పక్క చాల్‌లో ఇంటికొకరు మంచం పట్టారు. మా చాల్‌లో ఒక్కరికి కళ్లు పచ్చబడలేదు. అప్పటినుంచి నవ్వులు ఆగిపోయాయి. ఆమె మాటకు తిరుగు లేకుండా పోయింది.

కనుకయ్య పోయాడు. పత్తి దుమ్ము అతని ఊపిరితిత్తుల్ని కొంచెం కొంచెంగా తినేసింది. రెండో కొడుకు సురేశ్ అవే మగ్గాల దగ్గర నిలబడ్డాడు. కోడలు అరుణజ్యోతి వచ్చింది. మెత్తని పిల్ల, అత్త ముందు గొంతు లేచేది కాదు. ఆ తర్వాత మనవరాలు మల్లిక. ఆ పిల్లను చంద్రవ్వ పెంచిన తీరు చూస్తే నాకు నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది. మల్లికకు నీళ్లు కన్నతల్లి కూడా ఇవ్వకూడదు. బాపమ్మే, అంటే నాయనమ్మే, ఇవ్వాలి. మరాఠీ బడిలో ఒకటో తరగతిలో వేశాక సీసా తానే నింపి, మూత బిగించి, "బడిల నల్లా ముట్టినవంటే చేతులు ఇరగ్గొడుత," అని పంపేది. పిల్ల కూడా ఆ పాఠం బాగా ఒంటబట్టించుకుంది. నా దుకాణంలో ఎప్పుడైనా గ్లాసు చేతికిస్తే, పెద్ద ఇన్‌స్పెక్టరులా నీళ్లలోకి చూసి, "యే పానీ బాపమ్మ దేఖీ క్యా?" అని అడిగేది. ఈ నీళ్లు బాపమ్మ చూసిందా అని. నేను నెత్తిన ఒక్కటి మొట్టి పంపేదాన్ని.

ఇక బోరు సంగతి. మా చాల్ యజమాని రాజమౌళి సేఠ్ దాన్ని ఎప్పుడో చాల్ వెనక వేయించాడు. నీళ్లు అద్దంలా ఉంటాయి. చల్లగా ఉంటాయి, కాస్త తియ్యగా కూడా ఉంటాయి. అయినా చంద్రవ్వ మొదటి రోజే చెప్పేసింది. "ఒంటికి వోసుకోండ్రి, నోట్లె వోసుకోకుండ్రి. భూమిల ఏమున్నదో ఎవలు జూసిండ్రు?" అందరూ విన్నారు. బట్టలకూ స్నానాలకూ బోరు, తాగడానికి కాచిన నల్లా నీళ్లు. ఏళ్ల తరబడి ఇదే పద్ధతి.

తర్వాత గోడ అవతలి ఖాళీ జాగాలో పాత డ్రమ్ములు కడిగే షెడ్డు వెలిసింది. రసాయనాలు అయిపోయిన నీలం డ్రమ్ములు టెంపోల్లో వస్తాయి. వాటిని కడిగి, ఎండబెట్టి, మళ్లీ అమ్ముతారు. కడిగిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయని ఎవరూ అడగలేదు. భివండీలో అలాంటివి అడగరు. ఏ గోదాంలో ఏముందో అడగడం మొదలుపెడితే ఇక్కడ మనిషి బతకలేడు. బోరు నీళ్లు మాత్రం మునుపటిలాగే తేటగా ఉన్నాయి.

పూనం ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం వచ్చింది. ముంబైలో ఒక పెద్ద కాలేజీలో పరిశోధన చేస్తున్న మరాఠీ అమ్మాయి. వెంట అమోల్ అని తోటి విద్యార్థి. ఇల్లిల్లూ తిరిగి నీళ్లు పరీక్ష చేస్తామన్నారు. నీళ్ల పరీక్ష అనగానే అందరి చూపుడువేళ్లూ చంద్రవ్వ గడప వైపే తిరిగాయి.

ఆ అమ్మాయి తెచ్చిందేమిటో నాకు అంతా అయిపోయాక, ఆమే కూర్చోబెట్టి చెప్పింది. నేను మాత్రం ముందే రాసేస్తున్నాను, ఎందుకంటే ఆ మధ్యాహ్నం మా చాల్‌లో ఒక్కరికీ తెలియనిది ఇదే. ఆమె చిన్న సీసాలో ఉన్నవి తమంత తాము కదిలే కణాలు. కంటికి ఆనవు, తల వెంట్రుక మందంలో వరసగా బోలెడు పడతాయి. వాటికి ఒక పక్క ఎంజైము పూస్తారు. బట్టను తెల్లబరిచే పెరాక్సైడు మన ఊరికి కొత్త కాదు కదా, దాన్ని కాస్త నీళ్లలో కలిపితే ఆ ఎంజైము దాన్ని విడగొట్టి బుడగలు పుట్టిస్తుంది. వెనకనుంచి బుడగలు తన్నుకొస్తుంటే కణం ముందుకు పరుగెత్తుతుంది. నీళ్లలో పాదరసం లాంటి విషలోహం ఉంటే ఎంజైము చచ్చుబడిపోతుంది. బుడగలు ఆగుతాయి, కణం నిలబడిపోతుంది. పెద్ద యంత్రాలు లేని చోట కూడా ఒక ఫోను, దానికి తగిలించిన భూతద్దం ఉంటే చాలు, కణాల నడక చూసి నీళ్లలో విషముందో లేదో చెప్పేయాలని వాళ్ల ప్రయత్నం. రోగక్రిములను వెతికి పట్టుకునే కణాలు కూడా వేరే తయారవుతున్నాయట. అవి ఆ రోజు తేలేదు. ఆ రోజు తెచ్చిన కణాలు పరుగెత్తితే ఆ నీళ్లలో విషలోహం లేనట్టు. ఆగిపోతే ఉన్నట్టు.

నల్లా నీళ్లు ఒక గాజు బిళ్ల మీద, బోరు నీళ్లు ఇంకో గాజు బిళ్ల మీద వేసి, రెండింటిలోనూ సీసాలోంచి చుక్క కలిపింది పూనం. ఆ చుక్కలోనే కణాలున్నాయి. చుట్టూ మూగినవాళ్లు దాన్ని మందు చుక్క అనుకున్నారు. డాక్టరు దగ్గర రక్తంలో ఏదో కలిపి రోగం కనిపెడతారే, అలాంటిదన్నమాట. మొదట నల్లా నీళ్లు ఫోను కింద పెట్టింది. తెర నిండా నల్లటి చుక్కలు, వెనక తోకలు, వంకర్లు తిరుగుతూ, ఒకదాన్నొకటి గుద్దుకుంటూ ఉరుకుతున్నాయి.

అందరికంటే ముందు మల్లిక అరిచింది. "బాపమ్మా, కిడే! కిత్తీ కిడే!"

మరాఠీలో కిడే అంటే పురుగులు, ఎన్ని పురుగులో అని. పూనం పకపకా నవ్వింది. "హో, కిడ్యాంసారఖేచ్ దిస్‌తాత్ నా!" అంది. అవును, అచ్చం పురుగుల్లాగే కనపడుతున్నాయి కదా అని. పసిపిల్లతో ముచ్చటగా అన్న మాట అది. చాల్ మొత్తానికి మాత్రం చదువుకున్న మనిషి ఒప్పుకున్నట్టు వినపడింది.

చంద్రవ్వ ముందుకు జరిగి ఫోను దగ్గర వంగింది. "ఆంఖ్ కో నై దిఖ్‌తా, వో హీ నా?" అని అడిగింది, కంటికి కనపడనివంటే ఇవేనా అని.

"హాఁ మావశీ, ఆంఖ్ సే నహీఁ దిఖ్‌తే," అని తలూపింది పూనం, అవును పిన్నీ, కంటికి కనపడవు అని.

అడిగినామె సూటిగానే అడిగింది. చెప్పినామె నిజమే చెప్పింది. ఎక్కడా అబద్ధం లేదు. ఇప్పటికీ దాన్ని తలుచుకుంటే నాకు ఎవరి జుట్టు పట్టుకోవాలో తెలియదు. చంద్రవ్వ తెర మీంచి కళ్లు తిప్పలేదు. పురుగులు ఉరుకుతున్నాయి. "గివే. గివే తిన్నయి నా కొడుకును," అని నోరు మూసుకుని ఏడ్చింది. పూనానికి తెలుగు రాదు. నీళ్ల బాధలు తలుచుకుని ఏడుస్తోందనుకుని పాపం భుజం తట్టింది.

తర్వాత బోరు నీళ్ల బిళ్ల పెట్టింది. అక్కడ చుక్కలు దుమ్ములా పడి ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. పూనం నవ్వు ఆగిపోయింది. ఆమే, అమోలూ ఇంగ్లీషులో గబగబా ఏదో అనుకున్నారు. కొత్త బిళ్ల మీద మళ్లీ వేసి చూశారు. మళ్లీ అంతే. "మావశీ, అభీ కుఛ్ నహీఁ బోల్ సక్తే," అంది పూనం. ఇప్పుడే ఏమీ చెప్పలేం, పెద్ద మిషన్ మీద కూడా చూడాలి, చూసి వచ్చి చెప్తామని. ఆ అమ్మాయి మొహం పాలిపోయి ఉంది. మావాళ్లందరి చూపులూ ఫోను మీదే ఉన్నాయి. ఆమె మొహం ఎవరు చూశారు?

వాళ్లు నీళ్లు సీసాల్లో నింపుకుని సందు మలుపు తిరిగారో లేదో, తీర్పు వచ్చేసింది.

"జూసిండ్రు గదా కండ్లతోని. నల్లా నీళ్ల నిండ పురుగులే. బోరు నీళ్లల్ల ఒక్కటి గూడ లేదు," అంది చంద్రవ్వ. "ఇన్నొద్దులు నేనే ఉల్టా జెప్పిన. ఇయ్యాల్టి నుంచి బోరు నీళ్లే తాగుండ్రి."

పెళ్లయినప్పటి నుంచి మగ్గాల మధ్య బతికిన మనిషి ఆమె. చక్రం తిరుగుతుంటే అన్నమని, ఆగిపోతే పస్తని తెలిసిన మనిషి. కదలిక మంచిదన్న మాట ఇంకే సంగతిలోనైనా ఆమెకు వెంటనే తట్టేది. నీళ్ల దగ్గర మాత్రం కదిలేదంటే పురుగే, పురుగంటే కొడుకును తిన్నదే.

అరుణజ్యోతి ఒక్కతే నసిగింది. "అత్తా, నల్లా నీళ్లే కాగవెట్టి తాపుదాం. ఇన్నేండ్లు ఏం గాలే గదా పిల్లకు."

"కాగవెడితే సస్తయి. పీనుగులు ఏడికి వోతయే? నీళ్లల్లనే ఉంటయి గదా. పీనుగుల రసం తాపుతవా పిల్లకు?"

 చాల్‌లో నల్లా బిందెలన్నీ ఆ సాయంత్రమే బోర్లపడ్డాయి.

మొదట్లో అంతా సుఖంగానే ఉంది. స్విచ్చి వేస్తే నీళ్లు. కాచే పని లేదు, చల్లార్చే పని లేదు, నల్లా కోసం పడిగాపులు లేవు. చంద్రవ్వ మొహంలో అంతకుముందు నేనెప్పుడూ చూడని తేట వచ్చింది. నా దుకాణంలో కూర్చుని కాళ్లు చాపుకుని కబుర్లు చెప్పేది. పగ తీరిన మనిషి ఎలా ఉంటుందో అలా ఉండేది. మల్లికకు ఇప్పుడు తానే గ్లాసు మీద గ్లాసు తాగించేది, "తాగు బిడ్డా, పురుగుల్లేని నీళ్లు," అంటూ.

వానలు మొదలయ్యేసరికి మల్లిక మొహం పొద్దున పూట నిండుగా కనపడసాగింది. "నీళ్లు మారినయి గదా, పిల్ల ఒళ్లు జేసింది," అని చంద్రవ్వ మురిసిపోయి దిష్టి తీసింది. మేమంతా ఆ బుగ్గలు గిల్లి ముద్దు చేశాం. అవి బుగ్గలు కావు, వాపు. సాయంత్రం బడి నుంచి వచ్చి సాక్సులు విప్పితే కాళ్ల మీద గుంట పడి ఉండేది. తర్వాత ఒంటికి పోవడం తగ్గింది. అన్నం పెడితే వాంతి. ఒక రోజు బడిలో కళ్లు తిరిగి పడిపోతే సురేశ్ మగ్గం ఉన్నపళంగా వదిలి, పిల్లను భుజాన వేసుకుని ముంబై పెద్దాసుపత్రికి పరుగెత్తాడు. కిడ్నీలు దెబ్బతింటున్నాయన్నారు. ఎందుకని అడిగితే, ఇంకా పరీక్షలు చేయాలన్నారు. తల్లీ పిల్లా అక్కడే ఉండిపోయారు.

ఇప్పుడు రాయబోయేది రాయకుండా వదిలేస్తే బాగుండునని ఉంది. ఆసుపత్రి నీళ్లను చంద్రవ్వ నమ్మలేదు. అంతమంది రోగులు, ఎవరు పట్టారో, ఎందులో పట్టారో. రోజూ తెల్లవారుతూనే బోరు దగ్గర సీసాలు తోమి, కడిగి, నింపేది. సురేశ్ వాటిని సంచిలో పెట్టుకుని బస్సెక్కి, ఠాణేలో లోకల్ రైలు పట్టుకుని, వార్డుకు చేర్చేవాడు. అంత రద్దీలో ఒక్క సీసా కూడా కిందపడనివ్వలేదు. పిల్ల ఒక రోజు తేరుకున్నట్టుండేది, మళ్లీ రెండు రోజులు పడిపోయేది. మందులు పని చేస్తున్నాయి గానీ నిలబడడం లేదెందుకని డాక్టర్లు తలలు పట్టుకున్నారు.

పూనం మళ్లీ వచ్చింది. అమోల్ లేడు, ఒక్కతే. చంద్రవ్వ అప్పుడు నా దుకాణం మెట్టు మీద కూర్చుని ఉంది. హిందీలో జరిగిన ఆ మాటల్ని తెలుగులోనే రాస్తాను.

"మావశీ, ఆ బోరు వెంటనే మూసేయాలి. పెద్ద మిషన్ మీద కూడా అదే వచ్చింది. ఆ నీళ్లలో పాదరసం ఉంది, ఇంకా ఏవేవో ఉన్నాయి. నోట్లో పోసుకోకూడదు."

"బోరు గాదు బిడ్డా, నల్లా. పురుగులు నల్లా నీళ్లల్ల ఉండె."

"ఏ పురుగులు?"

"నువ్వు ఫోన్ల జూపినయి గదా, ఉరికినయి."

పూనానికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.  "అవి పురుగులు కావు మావశీ. అవి మావే. మేం తయారు చేసినవి. సీసాలోంచి నేనే వేశాను. మంచి నీళ్లలో పరుగెత్తుతాయి. విషముంటే ఆగిపోతాయి."

"నువ్వేసినవా?"

"నేనే వేశాను."

"బోరు నీళ్లల్ల గూడ ఏసినవా?"

"అందులోనూ వేశాను. అందులో కదల్లేదు."

చంద్రవ్వ అరవలేదు, గుండెలు బాదుకోలేదు. కోడలికి ఫోను కలపమని నా చేతిలో ఫోను పెట్టింది. "అరుణా, సీసలల్ల నీళ్లు పారవొయ్యి. ఎందుకని అడగకు. పారవొయ్యే," అని ఫోను తిరిగిచ్చేసింది. ఆ తర్వాత పూనం వైపు తిరిగి, "గా దినమే జెప్పకపోతివి బిడ్డా," అంది. అంతే అంది.

పూనం ఏడుస్తూనే చెప్పుకొచ్చింది. ఈ పద్ధతి ఇంకా పరీక్షలోనే ఉందట. రూఢి కాకుండా జనానికి చెప్పకూడదని వాళ్ల పెద్దల నియమమట. పెద్ద మిషన్ మీద వాళ్ల వంతు వచ్చేసరికి ఇన్నాళ్లు పట్టిందట. తప్పు చెప్తామేమోనని భయపడ్డారట. నాకు ఒళ్లు మండిపోయింది. చదువుకున్నవాళ్లు నోరు మూసుకుంటే మాట పుట్టకుండా ఆగుతుందా? వాళ్లు చెప్పని చోట మేమే చెప్పుకున్నాం. "మేం మళ్లీ వచ్చేదాకా బోరు నీళ్లు తాగకండి" అన్న ఒక్క ముక్కకు ఏ మిషన్ కావాలి? ఆ మాటే మొహం మీద అనేశాను. ఆ అమ్మాయి చెడ్డ పిల్ల కాదు. ఆ సాయంత్రమే ఆసుపత్రికి వెళ్లి డాక్టర్లకు అన్నీ చెప్పింది, వాళ్లు మందులు మార్చారు. అయితే చాలా ఆలస్యమైందన్నారు.

గోడ అవతల డ్రమ్ముల షెడ్డు యజమానిని మాత్రం నేనింతవరకు చూడలేదు. మొహం మీద అనడానికి అతనికి మొహమే లేదు.

మర్నాటి నుంచి చంద్రవ్వ గడపగడపకూ తిరిగింది. బోరు నీళ్లు ముట్టవద్దని బతిమాలింది. పెద్దవాళ్ల ఒంట్లో ఆ విషం ఇంకా బయటపడలేదు, అందుకే జనం ఆమెను చూసి జాలిపడ్డారు గానీ నమ్మలేదు. మనవరాలి బెంగతో మతి చలించిందన్నారు. మూల ఖోలీలో ఉండే ముసలి గాలయ్య అయితే సూటిగానే అడిగాడు.

"కండ్లతోని జూసినం గదా చెల్లె. నువ్వే జూపిస్తివి."

"గవి పురుగులు గావే గాలన్నా. గామె ఏసినయే."

"పురుగులు గాకుంటే ఎట్ల ఉరుకుతయి? పాణం లేంది ఉరుకుతదా?"

 చంద్రవ్వ వెళ్లి బోరు మోటరు వైరు తెంపేసింది. రాజమౌళి సేఠ్ మనిషి వచ్చి అతికించి పోయాడు. మళ్లీ తెంపింది, మళ్లీ అతికించాడు. ఇప్పుడు సగం చాల్ నల్లాకు మళ్లింది. సగం ఇంకా బోరు నీళ్లే తాగుతోంది, పురుగులు లేవని.

సంగతి తెలిసినప్పటినుంచి అరుణజ్యోతి అత్తను వార్డులోకి రానివ్వలేదు. "మీ అవ్వను తీస్కరాకు," అని మొగుడికి ఒక్కసారి చెప్పింది, రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. మెత్తనివాళ్ల కోపం అలాగే ఉంటుంది. అలాంటిది ఒక రోజు ఆమే నాకు ఫోను చేసి, అత్తను వెంటబెట్టుకుని రమ్మంది. పిల్ల నీళ్లు తాగడం లేదట. డాక్టర్లు ఇమ్మనేదే కొంచెం, ఆ కొంచెంతోనే మాత్రలు మింగించాలి. ఎవరు గ్లాసు పట్టుకున్నా పళ్లు బిగబట్టి మొహం తిప్పేస్తోందట.

వెళ్లాం. మల్లిక చేతులు పుల్లల్లా ఉన్నాయి, మొహం ఉబ్బిపోయి ఉంది. బాపమ్మను చూడగానే కళ్లు విప్పింది. అరుణజ్యోతి గ్లాసూ మాత్రలూ అత్త చేతిలో పెట్టి పక్కకు జరిగింది. చంద్రవ్వ పిల్ల తల కింద చెయ్యి పెట్టి లేపింది.

"యే పానీ కహాఁ కా హై, బాపమ్మా? బోరుదేనా?"

"నల్లాది బిడ్డా. తాగు."

"నై. నల్లాల కిడే ఉంటయి. నేను ఫోన్ల జూసిన."

"గవి కిడే గావు బిడ్డా. మంచియి. మంచి నీళ్లల్ల ఉరుకుతయి. బాపమ్మ తప్పు జెప్పింది."

పిల్ల గ్లాసులోకి చూసింది. "మరి మన బోరు నీళ్లల్ల ఎందుకు ఉరకలే?"

చంద్రవ్వ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు తిరిగాను. నీళ్ల విషయంలో ఆమె తెలిసి ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. అప్పుడు కూడా చెప్పలేకపోయింది. "గా నీళ్లకు సచ్చిపోయినయి బిడ్డా," అంది.

మల్లిక నోరు తెరిచింది. మాత్రలు మింగింది, గ్లాసులో ఉన్న కాసిని నీళ్లూ తాగింది. అరుణజ్యోతి ఊపిరి పీల్చుకోవడం నాకు వినపడింది. పిల్ల దిండు మీద తల వాల్చి, పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. తర్వాత, "నేను గూడ గా నీళ్లే తాగిన గదా, బాపమ్మా," అని, మా ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటే చూసింది.